ముందు ఇరుసు మార్చే ముందు



గురుగ్రామ్‌లో, నోయిడాలో, ఫరీదాబాద్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగు కుర్రాళ్లలో కొందరికి ఫోర్ బై ఫోర్ బండ్ల పిచ్చి ఉంది. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని, శనివారం తెల్లవారేసరికి ఆరావళి గుట్టల వైపో, రాజస్థాన్ ఇసుక వైపో, ఉత్తరాఖండ్ కొండల వైపో బయలుదేరతారు. అలా తిరుగుతుండగా ఏదో ఒక రోజు రాతి మెట్టు మీద పికప్ ముందు చక్రం ఒకటి గాలిలోకి లేస్తుంది. లేచిన చక్రం గిర్రున తిరుగుతుంది, బండి మాత్రం అంగుళం కదలదు. వెనకాలే వచ్చిన పాతకాలం మారుతి జిప్సీ అదే మెట్టును తాపీగా ఎక్కి పోతుంది. ఇక ఆ రాత్రి నుంచి మనవాడి బుర్రలో ఒకటే ఆలోచన. నా పికప్ ముందున్న సస్పెన్షన్ పీకేసి, జిప్సీకి ఉన్నటువంటి సాలిడ్ యాక్సిల్ వేయిస్తే ఎలా ఉంటుంది?

దాని వల్ల ఏం ఒరుగుతుంది, ఆ పని ఎలా చేస్తారు, ఢిల్లీ చుట్టుపక్కల ఉండేవాళ్లు చేయించుకోవచ్చా? ఈ మూడు సంగతులు ఈ వేళ మాట్లాడుకుందాం.

ఇప్పుడు అమ్ముతున్న చాలా పికప్‌లలో వెనక ఇరుసు ఒకే ముక్క. లావుపాటి గొట్టం, దాని మధ్యలో రెండు చక్రాలకూ బలం పంచే డిఫరెన్షియల్, రెండు కొసలకూ చక్రాలు, పైన కమాన్ కట్టలు, అంటే పట్టీల స్ప్రింగులు. ముందు వైపు అలా ఉండదు. డిఫరెన్షియల్‌ను ఛాసిస్‌కు బిగించేసి, అక్కడి నుంచి ఒక్కో చక్రానికి విడిగా షాఫ్టు, విడిగా ఆర్ములు, విడిగా స్ప్రింగు పెడతారు. ఎడమ చక్రం గుంతలో పడితే ఆ సంగతి కుడి చక్రానికి తెలియదు. ఇదే ఇండిపెండెంట్ సస్పెన్షన్. తారు రోడ్డు మీద ప్రాణానికి హాయి.

సాలిడ్ యాక్సిల్ అంటే ముందు వైపు కూడా ఒకే గొట్టం. ఇది కావడి బద్ద లాంటిది. ఒక కొస పైకి లేస్తే రెండో కొస కిందికి దిగుతుంది. ఎడమ చక్రం బండరాయి ఎక్కినప్పుడు ఆ బలమే కుడి చక్రాన్ని నేలకేసి నొక్కుతుంది. రెండు చక్రాలూ నేలను పట్టుకునే ఉంటాయి. ఇండిపెండెంట్‌లో ఆర్ము ఎంత పొడవుంటే చక్రం అంతే దిగగలదు. ఆ హద్దు దాటగానే చక్రం గాలిలో వేలాడుతుంది. మామూలు డిఫరెన్షియల్‌లో ఏ చక్రానికి అడ్డు తక్కువగా ఉందో అది వట్టినే తిరుగుతుంది, పట్టున్న చక్రానికి బలం అందదు. రాతి మెట్టు దగ్గర మనవాడి బండికి జరిగింది ఇదే.

రెండో లాభం నేలకూ బండికీ మధ్య ఉండే ఖాళీ. సాలిడ్ యాక్సిల్‌లో డిఫరెన్షియల్ చక్రాలతో పాటే లేస్తుంది, చక్రాలతో పాటే దిగుతుంది. బ్రేకు కొట్టి ముక్కు వంగినా, బరువు పడి స్ప్రింగు నొక్కుకున్నా దాని కింద ఖాళీ తగ్గదు, టైరు ఎత్తును బట్టే ఉంటుంది. ఇండిపెండెంట్‌లో స్ప్రింగు నొక్కుకున్న ప్రతిసారీ డిఫరెన్షియల్ రాయికి దగ్గరవుతుంది. మూడో లాభం మోటుదనం. సన్నటి ఆర్ములు, షాఫ్టుల రబ్బరు బూట్లు పోయి, వాటి స్థానంలో ఒక ఇనుప గొట్టం వస్తుంది.

ఇంత మంచిదైతే కంపెనీలు ఎందుకు వదిలేశాయి? ఎందుకంటే బండి బతుకులో ఎక్కువ భాగం రోడ్డు మీదే గడుస్తుంది. గొట్టం, డిఫరెన్షియల్ కలిపి ఆ బరువంతా స్ప్రింగు కిందే ఉండి ఎగిరెగిరి పడుతుంటే ప్రయాణం కుదుపులమయం అవుతుంది. ఒక చక్రం గుంతలో పడితే రెండో చక్రం, దానితో స్టీరింగు కూడా కదులుతాయి. ఇంజన్ కిందనే ఇరుసు పైకి కిందికి ఆడుతుంది కాబట్టి ఇంజన్‌ను ఎత్తులో పెట్టాలి. ఈ కారణాలతో అమెరికాలో ఫోర్డ్ 1980లో తన ఎఫ్-150 పికప్‌కు ముందు సాలిడ్ యాక్సిల్ తీసేసింది. అక్కడ అమ్మిన టయోటా హైలక్స్ ఫోర్ బై ఫోర్‌కు 1985 దాకా ఉంది, తర్వాత పోయింది. షెవ్రొలే పెద్ద పికప్ 1988లో మానేసింది. అప్పటి నుంచే అక్కడి రాళ్లెక్కే పిచ్చివాళ్లు పాత బండ్ల కింద నుంచి డానా 44, డానా 60 ఇరుసులు విప్పి తెచ్చి కొత్త పికప్‌ల కింద బిగించడం మొదలుపెట్టారు. ఇవాళ యూట్యూబులో మన కుర్రాళ్లు చూసేది ఆ సంప్రదాయాన్నే.

అలాగని సాలిడ్ యాక్సిల్ ఒక్కటే మొనగాడని అనుకోకండి. అమెరికా సైన్యం వాడిన హమ్వీకి నాలుగు చక్రాలకూ ఇండిపెండెంట్ సస్పెన్షనే. ఎడారిలో వేగంగా పరుగెత్తే డాకర్ ర్యాలీలో ముందు నిలిచే కార్లకూ అదే. ఇసుక మీద, గతుకుల మట్టిదారి మీద వేగంగా పోవాలంటే అది మేలు. రాళ్ల మీద మనిషి నడిచేంత నెమ్మదిగా పాకాలంటే సాలిడ్ యాక్సిల్ మేలు. మీరు ఎక్కువగా తిరిగేది ఏ నేల మీదో ముందు తేల్చుకోవాలి.

ఈ ఇరుసుకు, ఢిల్లీ ప్రాంతానికి ఒక పాత బంధం ఉంది. ప్రపంచంలో పెద్ద కంపెనీలు ముందు సాలిడ్ యాక్సిల్‌ను వదిలించుకుంటున్న రోజుల్లోనే, 1985 డిసెంబరులో, గురుగ్రామ్‌లోని మారుతి కర్మాగారం జిప్సీని బజారులోకి తెచ్చింది. సుజుకి జిమ్నీకి మన దేశపు రూపం అది. ముందూ వెనకా సాలిడ్ యాక్సిళ్లు, నాలుగు మూలలా కమాన్ కట్టలు, బరువు టన్నుకు అటూ ఇటూ. సైన్యం, పోలీసులు, అటవీ శాఖ వాళ్లు దాన్ని వేల సంఖ్యలో వాడారు. 2019లో మామూలు జనానికి అమ్మకం ఆగిపోయింది. మళ్లీ 2023 జనవరిలో గ్రేటర్ నోయిడాలో జరిగిన ఆటో ఎక్స్‌పోలో అయిదు తలుపుల జిమ్నీని చూపించారు. ఆ జూన్ నుంచి అమ్ముతున్నారు. అదీ గురుగ్రామ్‌లోనే తయారవుతుంది. దానికి కాయిల్ స్ప్రింగులు, మూడేసి లింకులతో ముందూ వెనకా సాలిడ్ యాక్సిళ్లు కంపెనీ నుంచే వస్తాయి. నేల నుంచి 210 మిల్లీమీటర్ల ఖాళీ. ఈ జిమ్నీని గుర్తు పెట్టుకోండి, చివర్లో దీనితో పని పడుతుంది.

ఇక పికప్ సంగతికి వద్దాం. సరదాకి కొనుక్కునే ఫోర్ బై ఫోర్ పికప్‌లలో మనవాళ్లకు బాగా తెలిసింది ఇసుజు వి-క్రాస్. ఇది అచ్చంగా మన ఆంధ్రప్రదేశ్ సరుకు. శ్రీసిటీలో 2016 ఏప్రిల్‌లో ప్రారంభమైన ఇసుజు కర్మాగారంలో తయారవుతుంది. రెండోది టయోటా హైలక్స్. మన దేశంలో 2022లో అమ్మకానికి వచ్చింది. రెండింటికీ వెనక కమాన్ కట్టల మీద సాలిడ్ యాక్సిల్, ముందు ఇండిపెండెంట్. వి-క్రాస్‌నే ఉదాహరణగా తీసుకుని పని ఎలా సాగుతుందో చూద్దాం.

మొట్టమొదటి ప్రశ్న, ఏ బండి ఇరుసు తేవాలి? అందరి నోటా ముందు వచ్చే పేరు జిప్సీ. అది పనికిరాదు. వి-క్రాస్ రెండు టన్నులకు కాస్త తక్కువ తూగుతుంది, అంటే జిప్సీకి దాదాపు రెట్టింపు. టన్ను బండి కోసం చేసిన షాఫ్టులు, బేరింగులు ఆ డీజిల్ ఇంజన్ లాగుడుకు నిలవవు. వెడల్పూ కుదరదు. జిప్సీ చక్రాల మధ్య దూరం సుమారు 1300 మిల్లీమీటర్లు, వి-క్రాస్‌ది సుమారు 1570. ఒక్కో పక్క అర జానెడుకు కాస్త ఎక్కువ తేడా. చక్రానికి జిప్సీలో అయిదు బోల్టులు, వి-క్రాస్‌లో ఆరు.

దానికన్నా దిట్టమైనవి పాత మహీంద్రా జీపుల ఇరుసులు. ఇంకా దిట్టమైనవి సైన్యం నుంచి వేలంలో బయటికి వచ్చిన జోంగా ఇరుసులు. నిసాన్ పట్రోల్ నమూనా మీద జబల్‌పూర్ సైనిక వాహనాల కర్మాగారంలో 1969 నుంచి దశాబ్దాల పాటు చేసిన బండి జోంగా. దాని ఇరుసు మొరటుది, బరువు మోయడానికే పుట్టింది. కాకపోతే నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే, వాటిని డిస్కులుగా మార్చుకోవాలి. చేతిలో డబ్బుంటే టయోటా ల్యాండ్ క్రూయిజర్ ముందు ఇరుసు అన్నిటికన్నా మంచిది. ఇలాంటి సామాను కోసం ఢిల్లీ వాళ్లు చూసేది మాయాపురి పాత ఇనుము బజారు, కొత్త బేరింగులు, సీళ్లు, షాఫ్టు కీళ్లుగా ఉండే క్రాసులకు కశ్మీరీ గేట్. ఏది కొన్నా బిల్లు తీసుకోండి. ఏ బండి నుంచి వచ్చిందో చెప్పలేని ఇరుసు చవగ్గా వస్తోందని తెచ్చుకుంటే రేపు పోలీసుల ముందు నిలబడాల్సింది మీరే.

ఇరుసు దొరికాక చూడవలసిన మొదటి సంగతి, డిఫరెన్షియల్ ఏ పక్కన ఉంది అన్నది. ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజన్ బలాన్ని రెండు ఇరుసులకూ పంచే పెట్టె) నుంచి ముందుకు వచ్చే షాఫ్టు ఒక పక్కన, ఇరుసు మీద డిఫరెన్షియల్ రెండో పక్కన ఉంటే ఆ షాఫ్టు ఇంజన్ కింద నుంచి అడ్డంగా పోవాలి, అది కుదిరే పని కాదు.

రెండోది క్రౌన్ పినియన్ లెక్క, అంటే డిఫరెన్షియల్ లోపలి పళ్ల చక్రాల నిష్పత్తి. ముందూ వెనకా ఒకే నిష్పత్తి ఉండాలి. ఉదాహరణకు వెనక 3.73, ముందు 4.10 ఉందనుకోండి. ప్రొపెల్లర్ షాఫ్టు నూరు చుట్లు తిరిగితే వెనక చక్రం దాదాపు 26.8 చుట్లు, ముందు చక్రం 24.4 చుట్లు తిరగాలని చూస్తాయి. రెండూ తిరగాల్సింది ఒకే నేల మీద. బురదలో అయితే టైరు జారి లెక్క సరిపోతుంది. గట్టి నేల మీద జారడానికి చోటుండదు, లోపల బిగుసుకుపోయి ఏదో ఒక పన్నో, క్రాసో, షాఫ్టో విరుగుతుంది. కాబట్టి రెండింటిలో ఒక వైపు క్రౌన్ పినియన్ మార్చక తప్పదు. ఆ పళ్ల మధ్య సందును మిల్లీమీటరులో వందో వంతు లెక్కన సర్దగల మిస్త్రీ కావాలి. ఈ ఒక్క పని చేతకాని వాడికి మిగతా పని అప్పగించకండి.

మూడోది స్ప్రింగులు. కమాన్ కట్టలు పెడితే పని తేలిక. ఇరుసును మోసేదీ, దాన్ని అటూ ఇటూ పోకుండా పట్టి ఉంచేదీ అవే. కాయిల్ స్ప్రింగులు పెడితే ప్రయాణం మెత్తగా ఉంటుంది, చక్రం బాగా ఆడుతుంది. కానీ కాయిల్ బరువు మాత్రమే మోస్తుంది, ఇరుసును పట్టి ఉంచదు. ముందుకూ వెనక్కూ పోకుండా లింకులు కావాలి, పక్కకు జరగకుండా పాన్‌హార్డ్ రాడ్ అనే అడ్డకడ్డీ కావాలి. వీటిలో ప్రతి లింకుకూ ఛాసిస్ మీద ఒక బ్రాకెట్, ఇరుసు మీద ఒక బ్రాకెట్. ఒక్కో బ్రాకెట్ చోటు అయిదు మిల్లీమీటర్లు తప్పితే ఆ తప్పు స్టీరింగులో కనిపిస్తుంది.

ఇక కోత మొదలవుతుంది. బ్యాటరీ తీగలు విప్పండి, ఇంజన్ కంప్యూటర్ ప్లగ్గులు పీకేయండి. వెల్డింగ్ కరెంటు దానిలోకి పోతే అది కాలిపోతుంది. ఆ తర్వాతే పాత ఆర్ములు, డిఫరెన్షియల్, వాటి బ్రాకెట్లు తీయాలి. అక్కడున్న అడ్డబీము డిఫరెన్షియల్‌ను మోయడంతో పాటు రెండు పక్కల ఛాసిస్ పట్టాలనూ కలిపి ఉంచుతుంది. దాన్ని తీసేస్తే అంత బలమైన మరో అడ్డబీము పెట్టాలి. ఛాసిస్ పట్టాకు అదనంగా రేకు వేసి బలపరచాలి. ఆ రేకు కొసలు నిలువుగా కోసి, అడ్డంగా ఒక గీతలా వెల్డింగ్ వేస్తే సరిగ్గా ఆ గీత దగ్గరే పట్టా పగులుతుంది. కొసలను ఏటవాలుగానో, చేపతోక ఆకారంలోనో కోసి వేయాలి. రోడ్డు పక్క గేట్లు, గ్రిల్లులు చేసే షాపులో ఈ పని వద్దు. 7018 లాంటి తక్కువ హైడ్రోజన్ రాడ్‌ను ఆరబెట్టి వాడే వాడు, వేశాక రంగుద్రవం పూసి పగుళ్లు వెతికే వాడు కావాలి. డిఫరెన్షియల్ గూడు పోత ఇనుముదైతే దానికి బ్రాకెట్ అతికించడం ఇంకా కష్టం. ముందు వేడి చేయాలి, నికెల్ రాడ్ వాడాలి, నెమ్మదిగా చల్లారనివ్వాలి.

బ్రాకెట్లు ముందే పూర్తిగా వెల్డ్ చేయకూడదు. నాలుగు చుక్కలు వేసి నిలబెట్టి, స్ప్రింగులు లేకుండా ఇరుసును జాకీ మీద పైకి లేపి చూడాలి. చక్రాలు పెట్టి, ఈ కొస నుంచి ఆ కొస దాకా స్టీరింగు తిప్పి చూడాలి. ఆయిల్ సంపుకు ఇరుసు తగులుతోందా? టైరు ఫెండరును గీరుతోందా? సైలెన్సర్ గొట్టానికి షాఫ్టు ఆనుతోందా? తర్వాత ఒక చక్రం పూర్తిగా పైకి, రెండోది పూర్తిగా కిందికి పెట్టి మళ్లీ చూడాలి. బ్రేకు గొట్టాలు చాలుతున్నాయా లేదా అన్నది అప్పుడే బయటపడుతుంది. ఇరుసు ఆయిల్ సంపును గుద్దకుండా మధ్యలో బంప్ స్టాప్ రబ్బరు పెట్టాలి. ఇంత ఖాళీ కావాలంటే బండిని నాలుగైదు అంగుళాలు పైకి లేపక తప్పదు. అంత ఎత్తు లేచిన బండి మలుపులో బోల్తా పడటానికి అంత దగ్గరవుతుంది.

అసలు ప్రాణం మీదికి తెచ్చేది స్టీరింగు. వి-క్రాస్, హైలక్స్ రెండింటికీ స్టీరింగు ర్యాక్ ఛాసిస్‌కు బిగించి ఉంటుంది. పైకి కిందికి ఆడే సాలిడ్ యాక్సిల్‌తో అది పని చేయదు. జీపుకు ఉన్నట్టు స్టీరింగు గేర్‌బాక్సు పెట్టి, అక్కడి నుంచి ఇరుసుకు డ్రాగ్ లింక్ అనే కడ్డీ వేయాలి. కాయిల్ స్ప్రింగుల బండిలో ఈ డ్రాగ్ లింక్, పాన్‌హార్డ్ రాడ్ రెండూ ఒకే వాలులో, దాదాపు ఒకే పొడవులో ఉండాలి. లేకపోతే స్ప్రింగు నొక్కుకున్నప్పుడు ఒకటి ఒక వంపులో, రెండోది మరో వంపులో కదిలి, మీరు ముట్టుకోకుండానే బండి దానంతటదే పక్కకు తిరుగుతుంది.

తర్వాత క్యాస్టర్. ముందు చక్రం ఏ గీత మీద తిరుగుతుందో ఆ గీత పై కొస కాస్త వెనక్కి వాలి ఉండాలి. ఇలాంటి బండికి నాలుగు నుంచి ఆరు డిగ్రీలు మామూలు. ఆ వాలు ఉంటేనే మలుపు అయ్యాక స్టీరింగు తనంతట తాను తిన్నగా వస్తుంది. దానికోసం ఇరుసును వెనక్కి తిప్పితే డిఫరెన్షియల్ మూతి కిందికి వంగుతుంది, ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసు మీద కోణం పెరిగి వణుకు మొదలవుతుంది. షాఫ్టు కోసం మూతి ఎత్తితే క్యాస్టర్ పోతుంది. రెండూ కుదరాలంటే గొట్టం కొసన చక్రాన్ని మోసే నకిల్ మెడలను కోసి, కావలసిన కోణంలో తిప్పి మళ్లీ వెల్డ్ చేయాలి. ఎడమకూ కుడికీ అర డిగ్రీ తేడా వచ్చినా బండి ఒక పక్కకు లాగుతుంది.

వీటిలో ఏది తప్పినా దాని ఫలం గుట్టల్లో కనిపించదు. అక్కడ వేగం గంటకు అయిదు, పది కిలోమీటర్లే. తిరుగు ప్రయాణంలో ఎక్స్‌ప్రెస్‌వే మీద డెబ్బై, ఎనభైలో చిన్న గతుకు తగిలితే ముందు చక్రాలు రెండూ ఒక్కసారిగా ఊగడం మొదలుపెడతాయి. స్టీరింగు చేతిలో నిలవదు. దీన్ని డెత్ వాబుల్ అంటారు. పాన్‌హార్డ్ బుష్ వదులైనా, కింగ్ పిన్ బేరింగ్ అరిగినా, క్యాస్టర్ తక్కువైనా, పెద్ద టైర్లు సరిగ్గా బ్యాలెన్స్ కాకపోయినా వస్తుంది. వస్తే వేగం తగ్గించి పక్కకు ఆపడం తప్ప మార్గం లేదు. స్టీరింగు డ్యాంపర్ బిగించి ఊరుకుంటే జబ్బు లోపలే ముదురుతుంది.

టైర్ల సంగతీ ఉంది. 30 అంగుళాల టైరు తీసి 33 అంగుళాలది వేస్తే చక్రం చుట్టుకొలత పదో వంతు పెరుగుతుంది. మీటర్ 80 చూపిస్తున్నప్పుడు మీరు నిజంగా పోతున్నది 88. ఏబీఎస్ సెన్సర్లు పాత హబ్బుల మీద ఉండేవి. కొత్త ఇరుసు హబ్బు మీద వాటికి చోటు చేయకపోతే ఏబీఎస్ పనిచేయదు. బండిని నిలకడగా ఉంచే ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఏదైనా ఉంటే అదీ పోతుంది. చూశారా, మార్చాలనుకున్నది ఒక్క ఇరుసు. మారింది స్టీరింగు, బ్రేకులు, షాఫ్టులు, ఛాసిస్, బండి ఎత్తు, మీటర్ కూడా. ఒక్క ముక్కలో చెప్పాలంటే కంపెనీ ఇంజనీర్లు లెక్కలు కట్టి, పరీక్షలు చేసి తయారుచేసిన బండి ముందు సగాన్ని మీరూ, మీ మిస్త్రీ కలిసి మళ్లీ కనిపెట్టాలి.

ఇప్పుడు మూడో ప్రశ్న. చట్టం ఏమంటుంది? 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న వివరాలు, తయారీదారు మొదట చెప్పిన వివరాలతో తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదని దాని సారాంశం. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఒక కేరళ కేసులో ఈ సెక్షన్‌ను గట్టిగానే సమర్థించింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో 182-ఎ సెక్షన్ వచ్చింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. బండ్లను పరీక్షించి ధ్రువీకరించే ఐక్యాట్ సంస్థ మన పక్కనే మానేసర్‌లో ఉంది. కానీ అలాంటి ధ్రువీకరణ కంపెనీలు తమ నమూనాల కోసం చేయించుకునేది. గ్యారేజీలో ఒక్కడు కట్టుకున్న ఒక్క బండికి ఆ దారి అందుబాటులో ఉండదు. ప్రమాదం జరిగితే, మార్పు సంగతి చెప్పలేదన్న కారణంతో బీమా కంపెనీ డబ్బు ఇవ్వకపోవచ్చు. అవతలి వాడికి దెబ్బ తగిలితే మీ వెల్డింగ్ కోర్టులో సాక్ష్యమవుతుంది.

ఢిల్లీకి ఇంకో చిక్కు కూడా ఉంది. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీ ప్రాంతంలో తిరగకూడదని 2015 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దాన్ని బలపరిచింది. 2025 ఆగస్టులో అదే కోర్టు యజమానుల మీద కఠిన చర్యలు వద్దని కొంత ఊరట ఇచ్చింది. నిబంధన ఇలా మారుతూ ఉంటే, 2016లో కొన్న డీజిల్ వి-క్రాస్ మీద ఇరుసు మార్చడానికి లక్షలు పోసేవాడు, ఆ బండి ఎన్నాళ్లు రోడ్డెక్కగలదో తెలియకుండానే ఖర్చు పెడుతున్నట్టు లెక్క.

పోనీ, బండి తయారైంది. ఎక్కడ నడుపుతారు? గురుగ్రామ్, ఫరీదాబాద్ మధ్య ఆరావళి గుట్టలు దగ్గర కదా అనిపిస్తుంది. హరియాణాలో పంజాబ్ భూసంరక్షణ చట్టం నాలుగో సెక్షన్ కింద ప్రత్యేక ఉత్తర్వులు ఉన్న భూములు అడవి కిందికే వస్తాయని 2022 జులైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ గుట్టల్లో చాలా భాగం అలాంటి నేలే. మాంగర్ బనీ లాంటి చోట్ల ఊరివాళ్లు తరతరాలుగా దేవుడి వనంగా కాపాడుకుంటున్న చెట్లున్నాయి. 33 అంగుళాల టైరు ఒకసారి చీల్చిన వాలు వానాకాలంలో వాగై కోసుకుపోతుంది. కాబట్టి నడపదగ్గది యజమాని అనుమతి ఉన్న ప్రైవేటు ట్రాకులోనే, లేదా అనుమతి తీసుకుని జరిపే పోటీలోనే.

ఇదంతా విని ఈ పని చేసేవాళ్లంతా మూర్ఖులని అనుకోవద్దు. సాలిడ్ యాక్సిల్ చేతులారా బిగించిన కుర్రాడికి బండి ఎలా నడుస్తుందో ఏ కాలేజీ నేర్పనంత బాగా తెలుస్తుంది. అంత మోజు ఉంటే దానికీ ఒక పద్ధతి ఉంది. రోడ్డు మీద తిప్పే బండిని ముట్టుకోకండి. పోటీలకు, ట్రాకులకు మాత్రమే వాడే బండి ఒకటి విడిగా పెట్టుకుని, దాన్ని ట్రక్కు మీద ఎక్కించి తీసుకెళ్లి, ట్రక్కు మీదే తిరిగి తెచ్చుకోండి. లోపల రోల్ కేజ్ వేయించండి. మొదటి పరుగు తర్వాత యూ బోల్టులన్నీ మళ్లీ బిగించండి. నీళ్లలో దిగిన ప్రతిసారీ డిఫరెన్షియల్ ఆయిల్ చూడండి. పాల రంగులో కనిపిస్తే లోపలికి నీరు చేరిందని అర్థం.

మిగతా వాళ్లకు, అంటే సోమవారం అదే బండిలో ఆఫీసుకు పోవాల్సిన వాళ్లకు నా సలహా వేరు. రాతి మెట్టు దగ్గర మీ చక్రం గాలిలో తిరిగినప్పుడు కొరవడింది చాలాసార్లు ఇరుసు కాదు, పట్టు. గుట్ట ఎక్కే ముందు టైర్లలో గాలి తగ్గించండి, రోడ్డెక్కే ముందు మళ్లీ నింపండి. చక్రం ఎక్కడ పెట్టాలో బయట నిలబడి చెప్పే మనిషిని వెంట తీసుకెళ్లండి. డిఫరెన్షియల్ లాక్ కంపెనీ నుంచే వచ్చే బండిని ఎంచుకోండి. గాలిలో చక్రం తిరుగుతున్నా నేల మీదున్న చక్రానికి అది బలం అందిస్తుంది. ఇవన్నీ చేశాక కూడా సాలిడ్ యాక్సిల్ మీదే మనసుంటే, ఇందాక గుర్తు పెట్టుకోమన్న జిమ్నీ ఉంది. చట్టానికి లోబడి, బీమాతో, ఏబీఎస్‌తో, గురుగ్రామ్ కర్మాగారం బిగించిన ఇరుసులతో వస్తుంది. పికప్‌కు ముందు ఇరుసు మార్చడానికయ్యే ఖర్చు, తిరిగే కోర్టులు, పోయే నిద్ర అన్నీ లెక్కేసుకుంటే అదే చవక. ఢిల్లీ రోడ్ల మీద నడిచే పికప్‌కు సాలిడ్ యాక్సిల్ మార్పు వద్దు. అంత మోజుంటే అది ట్రాకు వరకే.